మిశ్ర ధాతు నిగం: హైదరాబాదులో ప్రత్యేక లోహాల కర్మాగారం

ఒక దేశపు పారిశ్రామిక బలాన్ని అది ఏటా తయారుచేసే ఉక్కు టన్నుల లెక్కతో కొలవడం చాలకాలంగా వస్తున్న వాడుక. ఈ కొలత తప్పు కాదు గాని, సంపూర్ణమూ కాదు. వంతెనలకు, రైలు పట్టాలకు, ఇండ్ల కప్పులకు మామూలు ఉక్కు లక్షల టన్నులలో కావాలి. జెట్ ఇంజనులో తిరిగే చిన్న రెక్కకు, రాకెట్టు మోటారు గొట్టానికి, అరిగిపోయిన తుంటి ఎముక స్థానంలో అమర్చే కీలుకు కావలసిన లోహం చాల కొద్ది. ఆ కొద్దిపాటి లోహం లేకపోతే విమానం నేల విడువదు, రాకెట్టు ఎగురదు. పైగా అటువంటి లోహానికి ఎంత ధర ఇవ్వజూపినా, అమ్మే దేశానికి ఇష్టం లేనప్పుడు అది దొరకదు.

ఈ చిక్కును తొలగించుకోవడానికి భారత ప్రభుత్వం హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో నెలకొల్పిన కర్మాగారమే మిశ్ర ధాతు నిగం. మిశ్ర ధాతువు అంటే మిశ్రలోహం. నిగం అంటే సంస్థ. మూడు మాటల తొలి అక్షరాలను కలిపి దీనిని ‘మిధాని’ అని పిలవడం పరిపాటి అయినది. రక్షణ మంత్రిత్వశాఖకు చెందిన ఈ సంస్థ 1973 నవంబరు 20వ తేదీన ఏర్పడినది. లోహాన్ని కొనడం ఒక ఎత్తు, లోహం చేసే విద్యను నేర్వడం మరియొక ఎత్తు అనే సంగతి అర్ధశతాబ్దం దాటిన దీని చరిత్రలో అడుగడుగునా కనబడుతుంది.

కొలిమి, మూస, ఉక్కు

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతంలో సురంగల్ వంటి పల్లెలలో కమ్మరి కొలిమి వద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి లోహశాస్త్రంలోని మొదటి పాఠం దానంతట అదే బోధపడుతుంది. కొడవలిని నిప్పులలో ఎర్రగా కాల్చి, దాగలిపై పెట్టి సుత్తితో సాగగొట్టి, నీటిలో ముంచితే దాని అంచు గట్టిపడుతుంది. ఉక్కులో స్వల్పంగా ఉండే కర్బనమే దీనికి కారణం. వేడిలో కర్బనం ఇనుప పరమాణువుల సందులలో కరిగి ఉంటుంది. హఠాత్తుగా చల్లార్చినప్పుడు బయటపడే వ్యవధి లేక అక్కడే చిక్కుకొని, పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారకుండ అడ్డుపడుతుంది. ఆ అడ్డంకినే గట్టితనం అంటారు. అదే కొడవలిని మరల నిప్పులో పెట్టి తీసి నెమ్మదిగా చల్లారనిస్తే పదును పోతుంది. పొలంలో కోతకు ఈ పదును చాలును. ఎల్లవేళలా నిప్పుమధ్యనే తిరగవలసిన యంత్రభాగానికి మాత్రం వేడి తగిలితే పోయే పదును పనికిరాదు.

తెలుగు దేశంలో లోహవిద్య కొడవలితో ఆగిపోలేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూస ఉక్కు తయారయ్యేది. దానిని కొనడానికి పారశీక వర్తకులు అంత దూరం వచ్చేవారు. డమాస్కసు కత్తులుగా ప్రసిద్ధి పొందిన ఆయుధాలకు దక్షిణ భారతపు ఉక్కే ముడిసరకు. 1820 ప్రాంతాల ఆ పనిని స్వయంగా చూచిన హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని వివరంగా వ్రాసి ఉంచాడు. రెండు తావుల నుండి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, గాలి చొరకుండ మూతను మెత్తి, కొలిమిలో దీర్ఘకాలం కాచి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఈ ఉక్కునే పాశ్చాత్యులు ‘వూట్జ్’ అన్నారు. అది ‘ఉక్కు’ అనే మాటకే వికృతి అని పలువురు పండితుల అభిప్రాయం.

ఈ ఉక్కు గుణాలకు ఆశ్చర్యపడినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. విద్యుచ్ఛాస్త్రంలో పేరు గడించక పూర్వమే, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఆయన 1819 నుండి కొన్ని సంవత్సరాలు భారతీయ ఉక్కును పరీక్షించాడు. దానివంటిది తయారుచేయాలని ఉక్కులో వెండి, ప్లాటినం, నికెలు, క్రోమియం వంటి లోహాలను కలిపి చూచాడు. ఆయన కోరినది దొరకలేదు గాని, ఉక్కులో ఇతర లోహాలను కలిపి గుణాలను మార్చవచ్చుననే పరిశోధనకు అది తొలి మెట్టు అయినది. ఇక్కడి ఉక్కును అర్థం చేసుకొనే ప్రయత్నంనుండి అక్కడ మిశ్రలోహశాస్త్రం మొలకెత్తగా, ఇక్కడి మూస కొలిములు పందొమ్మిదవ శతాబ్దంలో క్రమంగా చల్లారిపోయినవి.

కర్మాగారం అవసరమైన కాలం

స్వాతంత్ర్యానంతరం దేశం మొదట దృష్టి పెట్టినది మామూలు ఉక్కుపైననే. 1959లో భిలాయి, రూర్కెలా, దుర్గాపురం కర్మాగారాలలో కొలుములు వెలిగినవి. కావలసినదికూడ అప్పటికి అదే. కాని 1962 నాటి చైనా యుద్ధం, 1965 నాటి పాకిస్తాను యుద్ధం మరియొక కొరతను బయటపెట్టినవి. 1965లో అమెరికా, బ్రిటను ఆయుధ సరఫరాలను నిలిపివేసినవి. యంత్రాన్ని కొన్నప్పటికీ, దాని విడిభాగం అరిగిపోయిననాడు మరల అమ్మినవాని గుమ్మం త్రొక్కవలసినదే. విడిభాగాన్ని ఇక్కడే చేద్దామంటే అందుకు తగిన లోహం ఇక్కడ లేదు.

రక్షణ లోహపరిశోధన ప్రయోగశాల, అనగా డి.ఎం.ఆర్.ఎల్., 1963లో ఏర్పడి హైదరాబాదులో స్థిరపడినది. ఆ దశాబ్దంలో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా 1961 నుండి 1969 వరకు పనిచేసినవారు తెలుగువాడైన భౌతికశాస్త్రజ్ఞుడు సూరి భగవంతం. క్షిపణుల ప్రయోగశాల 1962లోనే ఈ నగరానికి వచ్చినది. 1970లో భారత్ డైనమిక్స్, 1971లో అణు ఇంధన సముదాయం ఏర్పడినవి. ఇరుగు రాష్ట్రమైన ఒడిశాలోని కోరాపుట్‌లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ మిగ్ విమానాల ఇంజనులను తయారుచేయసాగినది. వీటన్నిటికీ కావలసిన లోహాలు దూరదేశాలనుండి ఓడలమీద రావలసి ఉండేది.

ప్రయోగశాలలో ఒక మిశ్రలోహాన్ని కిలో రెండు కిలోల తూకంలో చేసి గుణాలు కొలవవచ్చు. ఆ తూకంలో చక్కగా వచ్చినది టన్ను దిమ్మెగా పోసినప్పుడు అట్లే వస్తుందన్న నమ్మకం లేదు. దిమ్మె పెద్దదైనకొద్దీ లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతుంది. కలిపిన లోహాలు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా చేరుతవి. కనుక ప్రయోగశాలకు, యంత్ర నిర్మాతకు నడుమ ఒక కర్మాగారం అవసరమైనది. డి.ఎం.ఆర్.ఎల్. పొరుగుననే మిధానిని నెలకొల్పడంలో ఉద్దేశం ఇదే. కొలుములు, పనిముట్లు, పద్ధతుల విషయంలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ సంస్థల సహకారం లభించినది. నిర్మాణానికి, యంత్రాల అమరికకు, పనివారి శిక్షణకు దాదాపు ఒక దశాబ్దం పట్టినది. 1980వ దశకం తొలి సంవత్సరాలలో ఉత్పత్తి ప్రారంభమైనది.

గాలిని దూరంగా ఉంచే విద్య

మిధానిలోని పని మామూలు ఉక్కు కర్మాగారపు పనితో పోలినది కాదు. ముఖ్యమైన తేడా గాలి విషయంలో ఉన్నది. ఊదుకొలిమిలో గాలియే నిప్పుకు ప్రాణం. ప్రత్యేక లోహానికి గాలి శత్రువు. కరిగిన లోహం ప్రాణవాయువును, నత్రజనిని, ఉదజనిని పీల్చుకొంటుంది. ఉదజని చల్లారిన లోహంలో సన్నని పగుళ్లకు దారితీస్తుంది. ప్రాణవాయువు అల్యూమినియం, టైటానియం వంటి విలువైన పాళ్లను భస్మం చేస్తుంది. ఆ భస్మపు రేణువులు లోహంలో చిక్కుకొని బలహీన స్థానాలవుతవి. గుడ్డను చింపదలచినవారు ముందు కత్తెరతో చిన్న గాటు పెట్టుకొంటారు. అటుపైన చింపడం సులభం. లోహంలోని రేణువు అటువంటి గాటే.

అందువలన తొలి కరిగింపు శూన్యప్రదేశంలో జరుగుతుంది. ఉక్కుతో చేసిన పెద్ద గదిలో మూసను ఉంచి, లోపలి గాలిని పంపులతో లాగివేసి, పీడనాన్ని వాతావరణ పీడనంలో సుమారు లక్షవ వంతుకు దించుతారు. మూసచుట్టూ ఉన్న రాగి చుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించగా, లోపలి లోహంలో ప్రేరిత విద్యుత్తు పుట్టి అది తన నిరోధంవల్లనే కాగి కరుగుతుంది. నేటి వంటిండ్లలోని ఇండక్షన్ పొయ్యి సూత్రమే ఇది. మంట లేదు, పొగ లేదు, గాలి లేదు. కరిగిన లోహంలో దాగిన వాయువులు శూన్యంలోనికి తప్పించుకొని పోతవి.

ఇట్లు పోసిన దిమ్మెను చాలసార్లు రెండవమారు కరిగించవలసి ఉంటుంది. బెల్లపు పానకాన్ని గడ్డకట్టిస్తే మొదట ఏర్పడే మంచు చప్పగా ఉండి, చివర గడ్డకట్టే భాగంలో తీపి పేరుకొంటుంది. లోహపు దిమ్మెలోనూ అంతే. ముందు గడ్డకట్టే అంచులకు, చివర గడ్డకట్టే నడుమ భాగానికి పాళ్లలో తేడా వస్తుంది. దీనిని తగ్గించడానికి దిమ్మెను కడ్డీగా వ్రేలాడదీసి, శూన్యంలో విద్యుత్ చాపముతో దాని క్రింది కొసను కొద్దికొద్దిగా కరిగిస్తారు. బొట్లుబొట్లుగా రాలిన లోహం నీటితో చల్లబరచిన రాగి పాత్రలో పడి వెంటనే గట్టిపడుతుంది. ఏ క్షణంలోనైనా ద్రవంగా ఉండే లోహం స్వల్పం కనుక పాళ్లు చెదరవు. మరియొక పద్ధతిలో కడ్డీ కొస కరిగిన కిట్టపు మడుగులో మునిగి ఉంటుంది. రాలే ప్రతి బొట్టు ఆ కిట్టం గుండా దిగుతూ తన మలినాలను, ముఖ్యంగా గంధకాన్ని, అక్కడే విడిచిపోతుంది.

తరువాత దిమ్మెలను వేడిచేసి ప్రెస్సు క్రింద సాగగొడతారు. మిధానిలో తొలినాళ్లలో 1500 టన్నుల ప్రెస్సు ఈ పని చేసేది. తరువాతి కాలంలో 6000 టన్నుల ప్రెస్సు దానికి తోడైనది. కమ్మరి సుత్తి దెబ్బకు, ఈ ప్రెస్సు ఒత్తిడికి ప్రయోజనం ఒక్కటే: పోతలోని మొరటు కణాలను విరిచి, సన్నని, సమమైన కణాల అల్లికగా మార్చడం.

వేడిలో సడలని లోహం

జెట్ ఇంజను రెక్క చుట్టూ ప్రవహించే వాయువుల ఉష్ణోగ్రత 1000 డిగ్రీల సెంటిగ్రేడును మించి ఉంటుంది. నిమిషానికి వేలసార్లు తిరిగే ఆ రెక్కను అపకేంద్రబలం బయటికి లాగుతూ ఉంటుంది. కొద్ది వందల గ్రాముల రెక్కపై ఆ లాగుడు కొన్ని టన్నులు. ఇటువంటి స్థితిలో మామూలు ఉక్కు ఒక్కమారుగా విరగకపోయినా, బట్టలు ఆరవేసిన త్రాడు నెలల తరబడి బరువుకు సాగినట్లు, నెమ్మదిగా సాగిపోతుంది. దీనిని క్రీప్ అంటారు. రెక్క వెంట్రుకవాసి సాగినా ఇంజను గోడకు రాసుకొని ప్రమాదం తెస్తుంది.

దీనికి విరుగుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో దొరికినది. విటిల్ జెట్ ఇంజను కొరకు 1940 ప్రాంతంలో నికెలు, క్రోమియం ప్రధానంగా గల నిమోనిక్ లోహాలు రూపొందినవి. నికెలులో కొద్దిగా అల్యూమినియం, టైటానియం కలిపి తగిన వేడిలో ఉంచితే, నికెలుతో ఇవి కలిసి అతిసూక్ష్మమైన కణాలుగా లోహమంతటా ఏర్పడుతవి. పరమాణు వరుసలు జారబోయినప్పుడు ఈ కణాలు కట్టెదుట నిలుస్తవి. కొడవలిలోని కర్బనంవలె ఇవి వేడికి చెదరిపోవు. పైగా కొంత ఉష్ణోగ్రత వరకు వేడి పెరిగేకొద్దీ వీటి ఎదిరింపు పెరగడం ఒక వింత. క్రోమియం లోహంపై గట్టి పొరను ఏర్పరచి తుప్పునుండి కాపాడుతుంది. ఇటువంటి వాటికే సూపర్ మిశ్రలోహాలని పేరు. మిధాని వీటిని ‘సూపర్‌ని’ అనే పేరుతోను, టైటానియం లోహాలను ‘టైటాన్’ అనే పేరుతోను, ప్రత్యేకమైన ఉక్కులను ‘ఎం.డి.ఎన్.’ అనే పేరుతోను తయారుచేస్తున్నది.

మెత్తగా మలచి గట్టిగా మార్చే ఉక్కు

ఘన ఇంధనపు రాకెట్టు మోటారు ఒక పెద్ద గొట్టం. మందు మండినప్పుడు లోపల పుట్టే పీడనానికి అది పగలకూడదు. అట్లని మందంగా చేస్తే ఆ బరువును మోయడానికే శక్తి ఖర్చయి, ఉపగ్రహానికి చోటు మిగలదు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటి అంచె వ్యాసం ఒక మీటరు మాత్రమే. దానికి 15 సి.డి.వి.6 అనే స్వల్ప మిశ్రమపు ఉక్కు సరిపోయినది. తరువాత తలపెట్టిన పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచె వ్యాసం 2.8 మీటర్లు; అందులో పట్టే ఇంధనం సుమారు 138 టన్నులు. ఇంత పెద్ద గొట్టానికి మరింత బలమైన ఉక్కు కావలసి వచ్చినది.

అదే మారేజింగ్ ఉక్కు. 1960 ప్రాంతంలో అమెరికాలో రూపొందిన ఈ ఉక్కులో కర్బనాన్ని నూటికి 0.03 వంతుకన్న తక్కువకు దించి, బదులుగా 18 పాళ్లు నికెలు, 8 పాళ్లు కోబాల్టు, 5 పాళ్లు మాలిబ్డినం, కొద్దిగా టైటానియం కలుపుతారు. చల్లారినప్పుడు ఇది మెత్తగా ఉండి వంచడానికి, అతకడానికి, చెక్కడానికి లొంగుతుంది. గొట్టంగా తయారైన తరువాత 480 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో కొన్ని గంటలు ఉంచితే, నికెలు, మాలిబ్డినం, టైటానియం కలిసి సూక్ష్మ కణాలుగా విడివడి ఉక్కును గట్టిపరుస్తవి. మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోగ్రాముల బరువుకు లొంగిపోతే, ఇది సుమారు 175 కిలోగ్రాముల వరకు నిలుస్తుంది. కమ్మరి పదునుపట్టే తీరుకు ఇది తలక్రిందులు: అక్కడ వేడినుండి నీటిలో ముంచితే గట్టిపడుతుంది, ఇక్కడ చల్లారినదానిని మరల కొద్దిపాటి వేడిలో ఓపికగా ఉంచితే గట్టిపడుతుంది.

బలం పెరిగేకొద్దీ ఉక్కు చిన్న లోపాన్నికూడ సహించదు. అందుచేత గంధకం, భాస్వరం, వాయువులు అతి తక్కువగా ఉండాలి. శూన్యంలో రెండుసార్లు కరిగించిన మిధాని దిమ్మెలు రూర్కెలా ఉక్కు కర్మాగారంలో పలకలుగా మారి, ఇతర పరిశ్రమలలో గొట్టాలుగా అతకబడినవి. పి.ఎస్.ఎల్.వి. 1993 సెప్టెంబరు 20న తొలిమారు ఎగిరి విఫలమైనది. 1994 అక్టోబరు 15న సఫలమైనది. ఆ తరువాత వచ్చిన ఎల్.వి.ఎం.-3 రాకెట్టు పార్శ్వ మోటార్ల వ్యాసం 3.2 మీటర్లు, వాటి గొట్టాలూ ఈ ఉక్కువే. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకొని లేచినది ఆ రాకెట్టే. అందులో మిధాని చేసిన నికెలు, కోబాల్టు, టైటానియం మిశ్రలోహాలు కూడ ఉన్నవి.

ఇసుకనుండి టైటానియం

టైటానియం సాంద్రత 4.5, ఇనుము సాంద్రత 7.9. బరువులో తేలిక, బలంలో మంచి ఉక్కుకు దీటు, సముద్రపు నీటికి తుప్పు పట్టదు, శరీరంలో అమర్చినా మాంసంతో, ఎముకతో విరోధం పెట్టుకోదు. దీని ముడి ఖనిజమైన ఇల్మనైటు కేరళ తీరంలోను, విశాఖ, శ్రీకాకుళం తీరాలలోను నల్లని ఇసుకగా పడి ఉన్నది. ఖనిజం ఇంత సులభంగా దొరికినా లోహం సులభంగా రాదు. బొగ్గుతో కాచితే ఇనుమువలె విడిపోదు. కర్బనంతో కలిసి మరియొక పదార్థమవుతుంది.

1930వ దశకంలో లక్సెంబర్గుకు చెందిన విలియం క్రోల్ ఒక మార్గం కనిపెట్టాడు. ఖనిజాన్ని క్లోరినుతో కలిపి టైటానియం టెట్రాక్లోరైడు అనే ద్రవంగా మార్చి, గాలి లేని పాత్రలో మెగ్నీషియంతో చర్య జరిపిస్తే, రంధ్రాలతో నిండిన ముద్దవలె టైటానియం మిగులుతుంది. దానినే స్పాంజి అంటారు. మిధాని స్పాంజిని చాలకాలం విదేశాలనుండే తెప్పించుకొన్నది. డి.ఎం.ఆర్.ఎల్. ఈ ప్రక్రియను స్వయంగా సాధించగా, విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రపు ధనసహాయంతో కేరళలోని చవరలో ఏటికి 500 టన్నుల కర్మాగారం నిర్మితమై 2011 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దేశపు ఇసుకనుండి దేశపు దిమ్మె వరకు గొలుసు అప్పటికి పూర్తి అయినది.

స్పాంజిని కరిగించడంలో ఒక చమత్కారం ఉన్నది. టైటానియం 1668 డిగ్రీల వద్ద కరుగుతుంది. కరిగిన టైటానియం ఏ మట్టి మూసనైనా తినివేస్తుంది. దానిని పట్టి ఉంచే పాత్ర రాగిది. రాగి 1085 డిగ్రీలకే కరిగిపోయే లోహం! అయినా పాత్ర చెక్కుచెదరదు. వెనుక భాగంలో నిరంతరం పరుగెత్తే నీరు రాగిని చల్లగా ఉంచుతుంది. దానిని తాకిన టైటానియం ముందుగా గట్టిపడి తనకు తానే మూస అవుతుంది. ఆ నీరు ఆగిపోతే మాత్రం ప్రమాదం తప్పదు. అందుకే ఇటువంటి కొలుములవద్ద నీటి ప్రవాహాన్ని విద్యుత్తుతో సమానంగా కాచి ఉంటారు.

కొద్ది తూకం, పెద్ద ఖర్చు

విశాఖ ఉక్కు కర్మాగారం సామర్థ్యాన్ని లక్షల టన్నులలో చెప్పుకొంటే, మిధాని ఉత్పత్తిని వేల టన్నులలోనే చెప్పుకోవాలి. అదీ ఒక్క సరకు కాదు. ఎన్నో రకాల లోహాలు, ఒక్కొక్కటి కొద్ది టన్నులు, కొన్ని కొద్ది వందల కిలోలు. అయినా కొలిమి పెద్దదే కావాలి, ప్రెస్సు పెద్దదే కావాలి. ఒక రకం ముగించి మరియొకటి మొదలుపెట్టేముందు మూసను శుభ్రపరచాలి. ప్రతి వాయికి ఒక సంఖ్య వేసి, అందులో ఏ పాలు ఎంత, ఎంతసేపు కరిగినది, ఎక్కడ సాగినది అన్నదంతా వ్రాసి ఉంచాలి. ఏండ్ల తరువాత ఒక భాగం విరిగినా, అది ఏ దిమ్మెనుండి వచ్చినదో ఆ సంఖ్యతో వెదకి తీయవచ్చు.

ఇంజను నిర్మాత క్రొత్త లోహాన్ని చూడగానే స్వీకరించడు. బలం, అలసట, క్రీప్ పరీక్షలు వందల, వేల గంటలు సాగుతవి. అంగీకారం వచ్చేవరకు అమ్మకం లేదు. అమ్మకం లేనిదే ఖర్చు తిరిగి రాదు. లాభాన్ని మాత్రమే చూచే పెట్టుబడిదారు అడుగుపెట్టని చోటు ఇది. ప్రభుత్వం పూనుకొనవలసిన కారణంకూడ ఇదే.

పూనిక వృథా కాలేదని తరువాతి సంఘటనలు తెలిపినవి. 1992లో అమెరికా ఇస్రోపై ఆంక్షలు పెట్టినది; క్రయోజెనిక్ ఇంజను విద్యను ఇస్తానన్న రష్యా 1993లో వెనుకకు తగ్గినది. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట అనేక భారతీయ సంస్థలకు సరఫరాలు నిలిచినవి. ద్రవ ఉదజని ఉష్ణోగ్రత సున్నకు దిగువన 253 డిగ్రీలు. ఆ చలిలో మామూలు ఉక్కు గాజువలె పెళుసవుతుంది. అక్కడ నిలిచే లోహాలను ఇక్కడే తయారుచేసుకోవలసి వచ్చినది. వాటిలో మిధాని పాలు ఉన్నది. దేశీయ క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. 2014 జనవరి 5న సఫలమైనది.

2018లో ప్రభుత్వం మిధానిలో నూటికి 26 వంతుల వాటాలను ప్రజలకు విక్రయించినది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వాటాలు స్టాక్ మార్కెటులో నమోదైనవి. 2023-24లో అమ్మకాలు వెయ్యి కోట్ల రూపాయలు దాటినవి.

తీరవలసిన కొరతలు

ఇంతమాత్రంచేత దేశం అన్నిటా స్వయంపోషకమైనదని తలచరాదు. సూపర్ మిశ్రలోహాలకు ప్రాణమైన నికెలు, కోబాల్టు చాలవరకు దిగుమతి కావలసినవే. కనుక కర్మాగారంలోని తురకలను, తునకలను వృథా చేయక, శుద్ధిచేసి మరల కరిగించే పద్ధతులకు నానాటికి ప్రాధాన్యం పెరుగుతున్నది.

ఇంజనుల విషయంలో దూరం ఇంకా ఎక్కువ. 1980వ దశకంలో తలపెట్టిన కావేరి జెట్ ఇంజను ఆశించిన బలాన్ని ఇవ్వలేకపోయినది; తేజస్ విమానం అమెరికా ఇంజనుతోనే ఎగురుతున్నది. ఆధునిక ఇంజను రెక్కలో లోహకణాల సరిహద్దులే ఉండవు. రెక్క మొత్తం ఒకే స్ఫటికం. సరిహద్దు లేనిచోట క్రీప్‌కు దారి తగ్గుతుంది. ఇటువంటి ఏకస్ఫటిక రెక్కలను డి.ఎం.ఆర్.ఎల్. సాధించి, 2021 ఏప్రిల్‌లో 60 రెక్కలను హెలికాప్టర్ ఇంజను కొరకు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినది. కొద్ది దేశాలకు మాత్రమే తెలిసిన విద్య ఇది. అరువది రెక్కలనుండి వేల రెక్కలకు ప్రయాణం ఇంకా మిగిలి ఉన్నది.

కోనసముద్రపు మూసలు చల్లారడానికి విదేశీ ఉక్కు పోటీ ఒక కారణం. చేతినుండి చేతికి, తండ్రినుండి కొడుకుకు మాత్రమే సాగిన విద్య, పని ఆగిన ఒక తరంలోనే మాసిపోవడం దాని ఫలితం. ఆ ఉక్కు రహస్యాన్ని శాస్త్రజ్ఞులు నేటికీ పాత కత్తులను పరీక్షించి వెదకవలసి వస్తున్నది. లోహవిద్య పుస్తకాలలో కొంత, కొలిమిని రోజూ వెలిగించే చేతులలో కొంత నిలుస్తుంది. కంచన్‌బాగ్‌లో ప్రతి వాయికి వేసే సంఖ్య, ప్రతి దిమ్మెకు వ్రాసే చరిత్ర, ప్రయోగశాలకు కర్మాగారానికి నడుమ తెగని సంబంధం ఆ రెండింటినీ కలిపి ఉంచే కట్లు. అవి సడలనంతకాలం ఇక్కడి కొలిమి మరల చల్లారదు.